ఆయుధ వర్తకుని పశ్చాత్తాపము

సంతానము ప్రసిద్ధికెక్కిన యింట మూలపురుషుని మఱచుట లోకమున సాధారణము. అమెరికా చలనచిత్ర వ్యాపారమున మార్వెల్ వారి వీరగాథలు నేటికి ముప్పదికి మించి వెలసినవి. ఒకదాని కథలో నొకటి చొచ్చి, వంశవృక్షమువలె శాఖోపశాఖలుగా నల్లుకొనినవి. వీనికెల్ల మొదలు 2008వ సంవత్సరము మే 2వ తేదీన అమెరికాలో విడుదలయైన 'ఐరన్ మాన్' అను చిత్రము. అది బాలుర వినోదమునకై తీసిన బొమ్మల కథయని తోసివేయువారు కలరు. మహాకళాఖండమని తలకెత్తుకొనువారును కలరు. రెండును తొందరపాటు తీర్పులే. ఆ చిత్రమున నొక ధర్మప్రశ్న కలదు. దాని వెనుక నొక ఋణపత్రము కలదు. రెండింటిని కలిపి చదివినగాని దాని చరిత్ర బోధపడదు.

మొదట ఋణపత్రమునే చూతము. మార్వెల్ సంస్థ బొమ్మల కథల పుస్తకములను ప్రకటించు న్యూయార్కు వ్యాపారము. 1996 డిసెంబరులో అది దివాలా తీసెను. ఆ గడ్డు దినములకు ముందు వెనుకలుగా, పొలమమ్మి యిల్లు గడపుకొను సంసారివలె, తన ప్రసిద్ధ పాత్రల చలనచిత్ర హక్కులను ఒక్కొక్కటిగా అన్యులకు ధారపోసెను. 'ఎక్స్ మెన్' ఫాక్సు వారి పాలయ్యెను. 'స్పైడర్ మాన్' సోనీ వారి పాలయ్యెను. 2002లో వచ్చిన 'స్పైడర్ మాన్' చిత్రము ప్రపంచమున 80 కోట్ల డాలర్లకు పైగా గడించెను. పంట పరుల గాదెల నిండెను. భూమి కలవానికి దక్కినది స్వల్పమైన శిస్తు మాత్రమే.

ఈ దురవస్థను తప్పించుకొనుటకు సంస్థవారు 2005లో ఒక సాహసము చేసిరి. డేవిడ్ మైజెల్ అను నుద్యోగి యాలోచనపై, మెరిల్ లించ్ అను బ్యాంకు ద్వారా 52 కోట్ల 50 లక్షల డాలర్ల ఋణమునకు ఏర్పాటు చేసికొనిరి. దానికి కుదువ యేమి? భూమి కాదు, భవనము కాదు. కెప్టెన్ అమెరికా మొదలగు పది పాత్రల చలనచిత్ర హక్కులు. చిత్రములు విఫలమైనచో పాత్రలు ఋణదాతల పరమగును. కుదువ యనిన నేమో, గడువు దాటిన నేమగునో మన పాఠకులకు వివరింపనక్కరలేదు. ఆ యేడే 'ఐరన్ మాన్' హక్కులు న్యూ లైన్ అను సంస్థనుండి మరల స్వాధీనమయ్యెను. అప్పటికి ఆ పాత్ర సామాన్య జనమున పేరుగాంచినది కాదు. అట్టిదానిపై సుమారు 14 కోట్ల డాలర్లు వెచ్చించి చిత్రము తీయ పూనుకొనిరి.

నాయకుని యెన్నికయు అట్టిదే. రాబర్ట్ డౌనీ యను నటుడు 1992లో చాప్లిన్ పాత్రధారణమువలన కీర్తి గడించియు, పిమ్మట మాదకద్రవ్యములకు వశుడై కారాగారము ననుభవించినవాడు. సంస్థవారు వెనుదీసిరి, దర్శకుడు జాన్ ఫావ్రో పట్టు విడువలేదు. పతనమై లేచిన మనుష్యుని పాత్రకు పతనమై లేచిన మనుష్యుడే తగునని ఆయన తలంపు. చిత్రీకరణ మారంభమగునప్పటికి సంభాషణలు పూర్తిగా కుదిరియుండలేదు. నాటినాటి మాటలను నటులును దర్శకుడును నాడే సమకూర్చుకొనిరి. ప్రతినాయకుడుగా నటించిన జెఫ్ బ్రిడ్జెస్ ఇందులకు మొదట కలతపడినట్లు తరువాత తానే చెప్పుకొనెను. కాని యా యస్థిరతయే చిత్రమునకు ప్రాణమిచ్చినది. పాత్రలు పాఠము నప్పగించునట్లుగాక మనుష్యులవలె మాటలాడినవి.

ఇక ధర్మప్రశ్న. ఈ కథ 1963లో స్టాన్ లీ, లారీ లీబర్, డాన్ హెక్, జాక్ కర్బీ అనువారి చేతులలో పుట్టినది. నాటి రంగస్థలము వియత్నాము. చిత్రమున అది ఆఫ్గనిస్తానమయ్యెను. టోనీ స్టార్క్ యను ఆయుధ వర్తకుడు తన క్రొత్త క్షిపణిని సేనాధిపతులకు చూపి మరలివచ్చుచుండగా దారికాచినవారు బండ్లపైబడిరి. అతని ప్రక్కను బ్రద్దలైన బాంబుపై తన సంస్థ పేరే కలదు! దాని ముక్కలు గుండెకు చేరువగా నాటుకొనెను. గుహలో బందీయైన యతనిని యిన్సెన్ అను తోడిఖైదీ శస్త్రచికిత్సచే బ్రదికించెను. ఆయుధము చేసియిమ్మని బంధించినవారు కోరగా, వారిచ్చిన తుక్కుతోనే ఒక యుక్కు కవచము నిర్మించి స్టార్క్ బయటబడెను. యిన్సెన్ మాత్రము ప్రాణములు విడిచెను. స్వదేశము చేరిన వర్తకుడు ఇక నాయుధములు చేయనని ప్రకటించెను.

తాను చేసిన సరకు ఎవరి చేతికి చేరినది, ఎవరి యింటిపై పడినది యని తయారుచేసినవాడు విచారింపవలదా? వినోదచిత్రమున నీ ప్రశ్న యంత సూటిగా వినబడుట యరుదు. ఇది కల్పనకు మాత్రము చెందినదియు కాదు. 2021 ఆగస్టులో అమెరికా సేనలు ఆఫ్గనిస్తానమును వీడునప్పుడు, వారు ఆ దేశపు సైన్యమునకిచ్చిన యుద్ధసామగ్రి విస్తారముగా తాలిబానుల పాలయ్యెను. దాని విలువ సుమారు 700 కోట్ల డాలర్లని 2022లో అమెరికా రక్షణశాఖయే లెక్క చెప్పినది. పదుమూడేండ్లకు ముందు తెరపై చూచినది చరిత్రయైనది.

అయితే ప్రశ్న నడిగిన చిత్రము సమాధానమున తడబడినది. దోషమంతయు స్టేన్ అను నొక్క భాగస్వామి దురాశపై మోపి, వాని చావుతో లెక్క తీర్చివేసినది. ఆయుధము నమ్మునది వ్యక్తి గాని వ్యవస్థ గాదని చూపరులు నెమ్మదిగా నిండ్లకు పోవచ్చును. ఆఫ్గన్ గ్రామస్థులు రక్షింపబడుటకే తెరపైకి వచ్చి, రక్షింపబడి మఱుగైరి. యిన్సెన్ వంటి విద్యావంతుడు ధనికుని కనువిప్పుకై బలియయ్యెను. పైగా నీ చిత్రమునకు అమెరికా సైనికశాఖ సహాయమొసగినది. కొన్ని దృశ్యములు ఎడ్వర్డ్స్ విమానదళ స్థావరముననే తీయబడినవి. ఎరువు తెచ్చుకొన్న విమానములతో యుద్ధవ్యాపారమును ఎంతవఱకు నిందింపవచ్చును? కర్ణుడు సహజ కవచమును కోసియిచ్చి కీర్తిశేషుడయ్యెను. ఈ నాయకుడో, కవచమును తొడిగి కీర్తి నార్జించెను. కర్మాగారమును మూసి, దానికంటె ఘోరమైన యాయుధమును తన యింటి నేలమాళిగలో తానే చేసికొనెను. అతని పశ్చాత్తాపము నిజమైనదే కాని సగమే. నిజముగా నిచ్చివేయుట 2019లో, పదునొకండేండ్ల పిమ్మట వచ్చిన 'ఎండ్ గేమ్' చిత్రమున, అతడు ప్రాణమునే యర్పించినప్పుడు గాని జరుగలేదు.

వ్యాపారమున మాత్రము తడబాటు లేదు. చిత్రము 58 కోట్ల డాలర్లకు పైగా తెచ్చినది. నామావళి ముగిసిన పిమ్మట కొన్ని నిమిషములైన నిండని యొక దృశ్యమున నిక్ ఫ్యూరీ యనువాడు వచ్చి, వీరుల కూటమి నొకదానిని సూచించిపోయెను. లేవకుండ కూర్చున్నవారికి దొరకిన కొసరు అది. ఆ కొసరే మహావ్యాపారమునకు బీజమైనది. 2009లో డిస్నీ సంస్థ సుమారు 400 కోట్ల డాలర్లకు మార్వెల్ ను కొనుటకు ఒప్పందము చేసికొనెను. 'ఎండ్ గేమ్' ఒక్కటియే సుమారు 280 కోట్ల డాలర్లు గడించెను. అది మన తెలుగు మాటలతోను మన పట్టణములలో నాడినది.

కాని కొసరు ముఖ్యమై సరకు అముఖ్యమైనచో అంగడి యెన్నాళ్లు నిలుచును? మొదటి చిత్రము తనంతట తాను పూర్ణము. తరువాతి చిత్రములు పెక్కు రాబోవు చిత్రమునకు ప్రకటనలైనవి. 2023లో వచ్చిన 'ది మార్వెల్స్' అంతకు ముందు ఈ వరుసలో వచ్చిన చిత్రములన్నిటికంటె తక్కువ గడించెను. 2024లో సంస్థవారు డౌనీనే మరల పిలిచి, ఈ మారు డాక్టర్ డూమ్ అను ప్రతినాయకునిగా చూపుదుమని ప్రకటించిరి. పాత ముఖమును మరల కుదువబెట్టుట గాక యిది మఱేమి?

మఱువరాని యప్పు మఱియొకటి కలదు. కోట్ల ఋణమునకు కుదువయైన యా పాత్రలను గీసినవారు పుటకింత యని కూలి పుచ్చుకొనిన చిత్రకారులు. కర్బీ 1994లో మరణించెను. అతని బిడ్డలు హక్కులకై వ్యాజ్యమాడి 2014లో రాజీపడిరి. 2022లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు 'ఐరన్ మాన్' ను జాతి భద్రపఱుపదగిన చిత్రముల పట్టికలో చేర్చిరి. ఆ గౌరవమునకు చిత్రము తగినదే. ఋణదాతల యప్పు తీరినది. గీసినవారి యప్పు ఆలస్యముగా కొంత తీరినది. ఆ గుహలో ఆయుధ వర్తకుడు తన్ను తానడిగికొన్న ప్రశ్న మాత్రము తీరని బాకీగనే నిలిచియున్నది.