కొరియా వాళ్ల కొత్త సంవత్సరం

మనకు ఉగాది ఉంది. కొరియా వాళ్లకు సొల్లాల్ ఉంది. అది వాళ్ల కొత్త సంవత్సరం పండుగ. దాన్ని కూడా చంద్రుణ్ణి బట్టే లెక్క కడతారు. జనవరి చివర్లోనో, ఫిబ్రవరిలోనో వస్తుంది.

ఆ రోజు పొద్దున్నే చనిపోయిన పెద్దలకు వంటలు పెట్టి మొక్కుతారు. పిల్లలు పెద్దలకు వంగి దణ్ణం పెడతారు. పెద్దలు దీవించి డబ్బులిస్తారు. తర్వాత అందరూ తొక్కుక్ తింటారు. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి, దంచి, కర్రల్లా చేస్తారు. వాటిని బిళ్లలుగా కోసి చారులో వేస్తారు. అదే తొక్కుక్. అది తింటే వయసు ఒక ఏడు పెరుగుతుందని అంటారు.

పండుగ అందరిదీ. వంట చాకిరీ మాత్రం ఎక్కువగా కోడళ్లది. ముందురోజంతా పొయ్యి దగ్గరే ఉంటారు. చేపలు, కూరగాయలు పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. నడుములు పడిపోతాయి. ఎందుకింత పని అంటే, పెద్దలనాటి ఆచారం అంటారు.

2022లో దక్షిణ కొరియాలోని ఒక పండితుల సంస్థ పాత పుస్తకాలు చూసింది. పెద్దలకు నూనె వంటలు పెట్టడం పద్ధతి కాదని అందులో ఉంది! ఇక వేయించనక్కర లేదని, తొమ్మిది రకాలు చాలని ఆ సంస్థ చెప్పింది.

ఆచారం అని చేసిన చాకిరీ పుస్తకంలో లేనే లేదు. చదివి చూస్తేనే ఆ సంగతి బయటపడింది.