దూరమును గీయు యంత్రము

వంగదేశమునందలి ఖరగపూరు రైల్వే స్టేషను ప్లాట్‌ఫారము పొడవు 1072.5 మీటర్లు. ప్రపంచమునందెల్ల పొడవైన ప్లాట్‌ఫారమను ప్రసిద్ధి చిరకాలము దానికే యుండి, తరువాత గోరఖ్‌పూరునకును, 2023లో హుబ్బళ్ళికిని సంక్రమించినది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఉత్తరాంధ్ర జిల్లాలవారు ఉద్యోగార్థులై వచ్చి స్థిరపడిన ఈ పట్టణమున, మలంచా పేట వాస్తవ్యుడగు ఒక తెలుగు గృహస్థుని “మీ యిల్లు స్టేషనుకు ఎంత దూరమండీ?” అని అడిగినచో ఆయన తడుముకొనక ఒక సంఖ్య చెప్పును. అదే ప్రశ్నను కంప్యూటరులోని పటమును అడుగబోవువాడు మాత్రము, స్టేషను అనగా ఏ బిందువు, మీటరనగా ఏ తలముమీది మీటరు, దూరమనగా ఏ దారి అను మూడు సంగతులను ముందుగా తేల్చుకొనవలెను. ఈ మూడు చిక్కులను విప్పుటకు మానవుడు పడిన రెండువందల యేండ్ల ప్రయాసయే, నేడు జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) సాఫ్ట్‌వేరులలో ‘మల్టీ రింగ్ బఫర్’ అను పేర ఒక్క నొక్కుతో పనిచేయుచున్న పరికరముయొక్క జీవితచరిత్ర.

ఆ పరికరము చేయు పని చెప్పుటకు సులభము. పటముమీద ఒక బావియో, ఒక రోడ్డో, ఒక చెరువో యుండును. దాని చుట్టును అరకిలోమీటరు, కిలోమీటరు, రెండు కిలోమీటర్లు అని మనము దూరములను నిర్దేశించినచో, ఆయా దూరములలోపలి నేలనంతయు ఒకదాని వెలుపల నొకటిగా వలయములుగ విభజించి యిచ్చును. పిమ్మట జనాభా పటమునో పాఠశాలల పటమునో దానిపై పరచి, ఏ వలయమున ఎందఱున్నారో, ఎన్ని యున్నవో లెక్కింతురు.

ఇట్టి వలయములను శాస్త్రమునకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు గణితవేత్త కాడు, వ్యవసాయదారుడు. జర్మనీలోని మెక్లెన్‌బర్గు ప్రాంతమున టెల్లో అను ఎస్టేటును సాగుచేయించిన యోహన్ హైన్రిఖ్ ఫాన్ థ్యూనెన్, 1826లో ప్రకటించిన గ్రంథమున, సమతలమైన మైదానము నడుమ ఒక్కటే నగరమున్నదని ఊహించి, దాని చుట్టును ఏ సాగు ఎంత దూరమున గిట్టుబాటగునో రవాణా వ్యయమును బట్టి నిర్ణయించెను. నగరమునకు అంటియున్న వలయమున పాలును కూరగాయలును. దానికి వెలుపల, బరువైన వంటచెఱకును దూరమునుండి మోయుట గిట్టదు గనుక, అడవి. ఆ పిమ్మట ధాన్యములు. అన్నిటికంటె వెలుపల, తమ కాళ్ళతో తామే సంతకు నడచి రాగల పశువులు.

ఈ ఆలోచనకు గణితపు వెన్నెముకను సమకూర్చినవాడు యాకోబ్ స్టైనర్ అను స్విస్ పండితుడు. కుంభాకారమైన ఒక క్షేత్రమును అన్ని వైపులకును సమదూరము విస్తరింపజేసినప్పుడు దాని వైశాల్యమెంత యగునో ఆయన 1840లో సూత్రీకరించెను: పూర్వపు వైశాల్యము, దానికి చుట్టుకొలతను దూరముచే గుణించిన లబ్ధము, దానిపై ఆ దూరమే వ్యాసార్ధముగాగల వృత్తము. ఈ సూత్రమును ఖరగపూరు ప్లాట్‌ఫారమునకు అన్వయించి చూతము. స్టేషనును ఒక బిందువుగా భావించి కిలోమీటరు వ్యాసార్ధముతో గీసినచో లోపల చిక్కు నేల 3.14 చదరపు కిలోమీటర్లు. ప్లాట్‌ఫారమును దాని పొడవుగల సరళరేఖగా గ్రహించినచో, రేఖ చుట్టుకొలత దాని పొడవునకు రెట్టింపు గనుక, ఆకృతి దోసకాయవలె సాగి, వైశాల్యము 5.29 చదరపు కిలోమీటర్లగును. రెండవ వలయము, అనగా ఒకటవ కిలోమీటరునకును రెండవదానికిని నడిమి పట్టీ, బిందువు లెక్కలో 9.42, రేఖ లెక్కలో 11.57. రెండు చోటులను తేడా సమానమే, 2.145 చదరపు కిలోమీటర్లు. ఎన్ని వలయములు గీసినను ప్రతిదానియందును ఈ తేడా ఇంతే యుండును. స్టేషనును చుక్కగా గుర్తించిన గుమాస్తా, తాను తప్పేమియు చేయకయే, ప్రతి వలయమునుండియు రెండు చదరపు కిలోమీటర్లకు పైబడిన నేలను వెలివేయుచున్నాడన్నమాట.

లండనులో 1854లో కలరా చెలరేగినప్పుడు, వైద్యుడు జాన్ స్నో బ్రాడ్ వీథి చేతిపంపు చుట్టును సంభవించిన మరణములను పటముమీద గుర్తించిన కథ లోకవిదితము. మఱుసటి యేట ఆయన ప్రకటించిన పటమున, ఆ పంపునకును ఇరుగుపొరుగు పంపులకును సమదూరమున నుండు తావులను కలుపుచు ఒక చుక్కల గీత గీసెననియు, ఆ దూరమును ఆకాశమార్గమున గాక మనుష్యులు నీటికై వీథులవెంట నడచు దారిని కొలిచెననియు మాత్రము పలువు రెఱుగరు. 1881లో ఫ్రాన్సిస్ గాల్టన్ మఱియొక యడుగు ముందునకు వేసి, లండనునుండి పది దినములలో చేరదగిన దేశములకు ఒక రంగును, ఇరువది దినములలో చేరదగిన వానికి ఇంకొక రంగును వేయుచు, మైళ్ళకు బదులు ప్రయాణకాలముచేతనే భూగోళమును వలయములుగా విభజించెను.

కంప్యూటరు ఈ విద్యను చేపట్టినది 1960 దశకమున. కెనడా దేశము తన భూవనరుల నన్నిటిని లెక్కకు తెచ్చుకొనగోరినప్పుడు, రోజర్ టామ్లిన్సన్ నాయకత్వమున తొలి భౌగోళిక సమాచార వ్యవస్థ రూపొందెను. అదే కాలమున, 1966లో, రోజెన్‌ఫెల్డు, ఫాల్ట్జు అను నిరువురు, చదరములుగా విభజించిన చిత్రమున ప్రతి గడికిని వస్తువునుండి గల దూరమును కనుగొను ఉపాయమును ప్రకటించిరి. దాని సొగసు దాని సరళతయందే యున్నది. మొదటి గడినుండి చివరి గడివఱకు ఒక పర్యాయము, చివరినుండి మొదటికి ఒక పర్యాయము నడచుచు, ప్రతి గడియందును “నా పొరుగు గడుల దూరములలో కనిష్ఠమేదో దానికి ఒకటి కలిపినచో నా దూరము” అని వ్రాసికొనుచు పోయినచో, రెండు నడకలతో పటమంతయు దూరములచే నిండును. ఆపై వలయములుగా రంగులు వేయుట పిల్లలాట.

గీతలతో గూడిన పటములకు ఈ యుపాయము చాలదు. 1982లో వెలువడిన ఆర్క్ ఇన్ఫో మొదలు నేటి పోస్ట్‌జీఐఎస్, క్యూజీఐఎస్‌ల వఱకు సాఫ్ట్‌వేరులు రేఖయొక్క ప్రతి ఖండమును ప్రక్కకు జరిపి, మలుపులయందు చాపములను అతికి, లోపలి మూలలయందు ఒకదానినొకటి కోసికొనిన పనికిరాని ఉచ్చులను తొలగించి, పెద్ద క్షేత్రమునుండి చిన్నదానిని తీసివేసి వలయమును మిగుల్చును. ఇచ్చట ఒక రహస్యము గలదు: ఈ సాఫ్ట్‌వేరులు గీయు వృత్తము నిజమునకు బహుభుజి. క్యూజీఐఎస్ స్వతహాగా పాదవృత్తమునకు 5 గీతలను వాడును గనుక పూర్ణవృత్తము 20 భుజములదై, వైశాల్యము నూటికి ఒకటిన్నరకు మించి తగ్గును. పోస్ట్‌జీఐఎస్ 8 గీతలను వాడును గనుక లోటు నూటికి 0.64 మాత్రమే. ఆ సంఖ్యను పెంచుకొను సదుపాయము రెంటను గలదు; పెంచవలెనని తెలిసినవాడు పెంచుకొనును.

తలము సంగతి ఇంతకంటె ప్రమాదకరము. అక్షాంశ రేఖాంశముల డిగ్రీలను మీటర్లవలె భావించి బఫరు గీయుట ఈ విద్యలో క్రొత్తవారు సర్వసాధారణముగ చేయు పొరపాటు. ఖరగపూరు అక్షాంశమున ఉత్తర దక్షిణముల ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు కాగా, తూర్పు పడమరల 103 మాత్రమే. కావున పటముపై గుండ్రముగా కనబడు వలయము నేలమీద నిలువునకు సాగియుండును. అందుచేతనే పటమును ముందుగా మీటర్లలోనికి మార్చుకొందురు. ఇందుకై భూమిని ఆరేసి డిగ్రీల మండలములుగా విభజించిరి. ఉత్తరాంధ్రనుండి ఖరగపూరునకు వచ్చు రైలు శ్రీకాకుళం రోడ్డునకును పలాసకును నడుమ 84వ రేఖాంశమును దాటి, 44వ మండలమునుండి 45వ దానియందు ప్రవేశించును. విశాఖకు తగిన కొలమానమును ఖరగపూరునకు వాడరాదు.

చట్టము తమ్ము ఆశ్రయించిన పిమ్మటనే ఈ వలయములు సామాన్యుని గడప త్రొక్కినవి. ప్రాచీన కట్టడముల చట్టమునకు 2010లో చేసిన సవరణ ననుసరించి చార్మినారువంటి కేంద్ర రక్షిత కట్టడముల సరిహద్దునుండి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతము, దానికి వెలుపల మఱి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతము. 1908 మూసీ వరదల పిమ్మట నిర్మితములైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణకై 1996లో వెలువడిన 111వ జీవో 10 కిలోమీటర్ల పరిధిని పేర్కొని, 84 గ్రామముల పేళ్ళను జాబితాగా ఇచ్చినది. ఏలయన రెవెన్యూ దస్తరము ఎఱిగినది గ్రామమును, సర్వే నంబరునేగాని వృత్తచాపమును గాదు. చెరువుల ఆక్రమణలను తొలగించు హైడ్రా సంస్థ 2024లో ఏర్పడినది మొదలు ‘ఎఫ్‌టీఎల్’ (చెరువు నిండు నీటిమట్టము), ‘బఫర్ జోన్’ అను మాటలు హైదరాబాదున ఇల్లు కొనగోరు ప్రతివాని నోటను నానుచున్నవి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు. ఆ కొలత ఆరంభమగు గీత కొంచెము జరిగినను ఒక కుటుంబపు జీవితార్జితము వలయమునకు లోపలనో వెలుపలనో పడును.

ఇక మిగిలినది దారి. హౌరా, టాటానగరు, కటకము, మేదినీపురము దిక్కులకు పట్టాలు చీలిపోవు ఖరగపూరున, పటముమీది వలయము పట్టాలను నిరాటంకముగ దాటిపోవును. నడచువాడు మాత్రము గేటునో వంతెననో వెదకికొనవలెను. స్నో నూటడెబ్బది యేండ్ల క్రిందటనే గ్రహించిన ఈ సత్యమును కంప్యూటరులు కొంత ఆలస్యముగా నేర్చుకొని, నేడు రోడ్ల జాలమువెంట కాలమును లెక్కించి వలయములను గీయగలుగుచున్నవి. సమాన వెడల్పుగల వలయములు సమాన వైశాల్యము గలవి కావనుటయు మఱవరాదు: ఒక బిందువు చుట్టు గీసిన మొదటి మూడు వలయముల వైశాల్యములు 1, 3, 5 పాళ్ళలో నుండును. మూడవ వలయమున రోగులు హెచ్చుగా నున్నారని ఎవరైన చెప్పినచో, అచ్చట నేలయు మొదటి వలయమునకు అయిదు రెట్లున్నదని మొదట జ్ఞాపకము చేసికొనవలెను.

యంత్రము చెప్పినంతవఱకు ఖచ్చితముగ చేయును. ఏమి చెప్పవలెనో ఎంచుట మాత్రము మనుష్యుని వంతు. కావున తన యింటిమీదుగ అధికారులు గీసిన వలయమును చూచిన పౌరుడు వెఱవక, ఈ దూరమును ఏ గీతనుండి కొలిచితిరి, ఏ కొలమానమున కొలిచితిరి అని అడుగవలెను. ఆ రెంటికిని వ్రాతపూర్వకముగ సమాధానము చెప్పలేని పటము, ఎన్ని రంగులతో ముద్రింపబడినను, ప్రమాణము గానేరదు.