చక్రాల మీద వంటిల్లు

'యాత్రకెళ్తూ ఇన్ని డబ్బాలెందుకు వదినా?' అని మా ఆడపడుచు నవ్వింది. 2023 మే నెల. మావారు రిటైరయ్యాక హైదరాబాద్ నుంచి నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ, కాశీల మీదుగా బదరీనాథ్ దాకా మా పాత వ్యాన్‌లోనే బయల్దేరాం. ఇద్దరమే, నలభై రోజులు. ఆయనకి సుగర్. రోజూ హోటల్ తిండి పడదు. అందుకే వంటిల్లంతా వ్యాన్‌లోకి ఎక్కించేశాను. డబ్బాలు నిండుగా ఉంటేనే కదా మనకి ధైర్యం!

ఆ ధైర్యమే కొంప ముంచింది.

మొదటిరోజు తెల్లవారుజామున రెండు పూటలకీ సరిపడా పులిహోర కలిపి, వేడివేడిగానే స్టీలు డబ్బాలో కుక్కి మూత బిగించాను. మధ్యాహ్నం తిన్నాం, బాగానే ఉంది. ఎండకి వ్యాన్ పొయ్యిలా కాలిపోతోంది. రాత్రి నాగపూర్‌లో బస. మిగిలింది పారేయడానికి మనసొప్పక ఆయనకి పెట్టాను. కాస్త జిగురుగా అనిపించినా 'చింతపండు వేశాంగా, ఏం కాదులే' అనుకున్నాను. అర్ధరాత్రి వాంతులు మొదలయ్యాయి. సుగర్ మాత్ర వేసుకున్నారు, తిన్న అన్నం మాత్రం నిలవలేదు. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పంచదార నీళ్ళు గుక్కగుక్కగా తాగించి, లాడ్జి కుర్రాడి సాయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. తెల్లారేసరికి తేరుకున్నారు.

'వండిన అన్నం గంటల తరబడి వెచ్చగా ఉంటే అందులో క్రిములు విషం పుట్టిస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు' అని చెప్పింది డాక్టరమ్మ. మరి మన అమ్మమ్మలు పులిహోర కట్టుకునే ప్రయాణాలు చేశారుగా? చేశారు... చల్లార్చి, ఆకులో కట్టి, ఆ పూటకే తినేశారు. నేను ఆవిరితో సహా మూసి, కాలే బండిలో పెట్టాను.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. వండింది ఆ పూటకే. మిగలకుండా కొలిచి వండటమే. ఇంటి నుంచి తెచ్చినవాటిలో నిలవుండేవే ఉంచుకున్నాను. వేయించిన ఉప్మారవ్వ, అటుకులు, పెసరపప్పు, కందిపొడి, నూనెలో ఉడికించిన పులిహోర పులుసు, చిన్న సీసాలో ఆవకాయ. తడి గరిటె దేనిలోనూ పెట్టకూడదు. బియ్యం రెండేసి కిలోలే కొన్నాను. కూరగాయలు ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊళ్ళోనే. ఆకుకూర ఆ పూటే వండేయాలి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వేర్వేరు సంచుల్లో వేసి గాలి తగిలేలా పెట్టాలి. పాలు కొన్న వెంటనే కాచేదాన్ని. పెరుగు కాశీలో మట్టి ముంతల్లో దొరికింది, ఎంత కమ్మగా ఉందో! కందిపప్పుని అక్కడ అర్హర్ అంటారు, మినప్పప్పుని ఉడద్ అంటారు. ఆ రెండు మాటలొస్తే సగం బజారు వచ్చినట్టే.

కొండ దారి మాత్రం వేరు. అక్కడ కొండచరియలు పడితే రోడ్డు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. అందుకే ఋషికేశ్‌లో రెండు రోజులకి అదనంగా సరుకులు, తాగునీళ్ళు తీసుకున్నాం. బదరీనాథ్ పదివేల అడుగులకి పైనే. నీళ్ళు తొంభై డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి గిన్నెలో పప్పు ఎంతకీ ఉడకదు. కుక్కర్ ఉండాల్సిందే. పొయ్యి ఎప్పుడూ బండి బయటే వెలిగించాలి, లోపల వద్దు.

ఇంకొక్క మాట. ఇంట్లో సుగర్ ఉన్నవాళ్ళుంటే పంచదార పొట్లం, బిస్కెట్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు సామాన్ల అడుగున పెట్టకండి. సీటు పక్కనే, చేతికందేలా ఉంచుకోండి. ఆ రాత్రి పంచదార డబ్బా కోసం మూడు సంచులు తిరగేశాను. ఆ అయిదు నిమిషాలు ఇప్పటికీ మర్చిపోలేను.