లైబ్రరీలో ఆవకాయ

ఏమీ కొనకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, మే నెలలో రెండు గంటలసేపు ఫాను కింద కూర్చోగల చోట్లు మా వూళ్లో ఎన్ని వున్నాయని ఒకనాడు లెక్కవేశాను. పార్కు వుంది గాని చెట్లు లేవు. సినిమాహాలుకు టిక్కెట్టు కావాలి. హోటల్లో కాఫీ తాగిన అయిదు నిమిషాలకే సర్వరు తడిగుడ్డ తెచ్చి మన ముందున్న బల్ల తుడవడం మొదలుపెడతాడు. ఆ తుడుపుకు అర్థం తెలియనివాళ్లు మన దేశంలో లేరు. చివరికి తేలింది ఒక్కటే - కాలవగట్టు పక్కనున్న శాఖా గ్రంథాలయం.

నేను ఆ గ్రంథాలయానికి పాత కాపును. పొద్దున ఎనిమిదింటికి తలుపు తెరుస్తారు, పదకొండింటికి మూస్తారు. మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు. ఒక హాలు, ముందు వరండా, వెనక పుస్తకాల గది. అంతా కలిపి మనిషి ఒక్కరే - లైబ్రేరియన్ గారు. పుస్తకాలిచ్చేదీ ఆవిడే, పేపర్లు కుట్టేదీ ఆవిడే, స్వీపరు రాని రోజున చీపురు పట్టేదీ ఆవిడే.

ప్రతి వేసవికీ జిల్లా గ్రంథాలయ సంస్థల శాఖల్లో పిల్లలకు విజ్ఞాన శిబిరాలని పెడతారు. మీ వూళ్లోనూ పెట్టే వుంటారు. బడికి సెలవులిచ్చింది మొదలు మళ్లీ తెరిచేదాకా కథలు చెప్పడం, పుస్తకం చదివించడం, బొమ్మలు వేయించడం, కాగితాలతో పడవలూ పక్షులూ చేయించడం, కాసిని ఇంగ్లీషు మాటలు నేర్పడం - యిదీ వరస. కొన్నిచోట్ల యిది ఫోటో తీయించుకునేవరకే సాగుతుంది. మావూళ్లో కూడా అంతే అవుతుందనుకున్నవాళ్లు లేకపోలేదు. కాని 2025 వేసవిలో మా వరండాలో జరిగిన సంగతులు చూసినవాణ్ణి గనుక చెబుతున్నాను.

మొదటిరోజునే పేచీ వచ్చింది. ఎవరితోననుకున్నారు? పరీక్షల కుర్రవాళ్లతో.

యీమధ్య ఏ వూరి గ్రంథాలయానికి వెళ్లినా సగం కుర్చీలు వాళ్లవే. ఇంట్లో చోటుండదు, కోచింగుకు డబ్బుండదు. టిఫినుడబ్బా, నీళ్లసీసా, నాలుగు గైడ్లు పట్టుకుని తలుపు తీయకముందే మెట్లమీద కూర్చుంటారు. అందులోనూ ఆ ఏడు మామూలు ఏడు కాదు. ఏప్రిల్ 20న ఆంధ్రప్రదేశ్‌లో మెగా డీయస్సీ ప్రకటన వచ్చింది - 16,347 టీచరు వుద్యోగాలు. పరీక్షలు జూన్‌లో. ఏళ్ల తరబడి యీ ప్రకటన కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన వాళ్లు వున్నారు. వయసు దాటిపోతున్నదని వేళ్ల మీద లెక్కపెట్టుకునే వాళ్లూ వున్నారు. అటువంటి సమయంలో ముప్ఫైమంది పిల్లలు వచ్చి, పక్కనే నిలబడి, సింహం ఎలా గర్జించిందో చేసి చూపిస్తే ఎలా వుంటుంది?

"మేడం, మాకు యిది జీవన్మరణ సమస్య" అన్నాడొక అబ్బాయి. అతను అబద్ధమాడలేదు.

"పిల్లలకు మాత్రం యిది నలభై రోజుల ముచ్చట బాబూ. పదకొండు నెలలూ హాలు మీదే కదా" అన్నదావిడ. ఆవిడా అబద్ధమాడలేదు.

న్యాయం రెండు వైపులా వున్న తగవు తీర్చడం కష్టం. వెనక బెంచీలోంచి ఒక పెద్దమనిషి, "ఏమయ్యా, రేపు మీకు పంతులుద్యోగం వస్తే యీ సింహాల మధ్యనేగా ముప్ఫై ఏళ్లుండాలి! యిప్పుడే పారిపోతారేం?" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతో తగవు తీరలేదు గాని కాస్త సడలింది. చివరికి ఒప్పందమేమంటే, పిల్లలు పదింటిదాకా వరండాలోనే వుండాలి. హాలు తలుపులు వేసి వుంచాలి. అందుకు బదులుగా పరీక్షల వాళ్లలో రోజుకొకరు ఒక అరగంట బయటకు వచ్చి పిల్లలకు పాఠం చెప్పాలి. "మాకూ అభ్యాసమే లెండి" అని ముందుగా లేచి వచ్చింది ఒక అమ్మాయి. భిన్నాలు చెప్పింది. మామిడిపండు కోసి చెప్పింది. పాఠం అయ్యేసరికి ముక్కలన్నీ అయిపోయాయి కనుక, లెక్క సరిచూసుకునే వీలు లేకపోయిందనుకోండి.

పిల్లలకు అన్నిటికంటె రక్తి కట్టింది నెంబర్ల వేట. గ్రంథాలయాల్లో పుస్తకం వీపు మీద ఒక అంకె అంటించి వుంటుంది, చూశారా? 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ అనే ఆయన లోకంలోని విద్యలన్నిటినీ పది వాటాలు వేసి, ఒక్కొక్కదానికి వంద అంకెలు పంచి యిచ్చాడు. అప్పటినుంచి ఖగోళం ఏ దేశానికి పోయినా 520లలోనే దొరుకుతుంది. మన లైబ్రేరియన్ గారు బోర్డు మీద నాలుగు అంకెలు రాసి, "ఏమున్నాయో కనుక్కురండి" అనేది. పిల్లలు పుస్తకాల గదిలోకి దండు వెడలేవాళ్లు. 523లో నక్షత్రాలు. 598లో పక్షులు. 133 పట్టుకున్నవాడు బయటకు వచ్చి, కళ్లు యింతింత చేసి, "దయ్యాలు!" అన్నాడు. మర్నాటి నుంచీ 133 దగ్గర రద్దీ. అక్కడ వున్నది ఒకటే పుస్తకం, అందులోనూ చివరి పేజీలు లేవు.

చందమామ బైండు సంపుటాలకు అంకె అక్కర్లేదు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటింది. యీ పిల్లల్లో చాలామంది దాని కొత్త సంచిక మొహం చూడలేదు. అయినా బేతాళుడు భుజమెక్కగానే చెవులు రిక్కించడంలో వాళ్లకూ వాళ్ల తాతలకూ తేడా ఏమీ కనపడలేదు నాకు.

యిక 641. అది వంటలది. దాన్ని పట్టుకున్నది ఎనిమిదో తరగతికి వెళ్లబోయే ఒక అమ్మాయి. ఆ అమ్మాయిని రోజూ దిగబెట్టడానికి వాళ్ల మామ్మగారు వచ్చేది. ఎండలో మళ్లీ యింటికి పోయి రావడమెందుకని వరండా చివర గోడకు చేరగిలబడి కూర్చునేది. ఆవిడకు చదువు రాదు. కాని వినికిడి అద్భుతం.

పిల్ల పుస్తకం తెరిచింది. మే నెల కదా, తెరిచింది ఆవకాయ దగ్గరే. పైకి చదివింది: ముక్కలు యిన్ని, ఆవపిండి యిన్ని గ్రాములు, కారం అన్నే గ్రాములు, వుప్పు అన్నే గ్రాములు...

"ఆగవే" అన్నది మామ్మగారు. "ఎవరు రాశారది? ఆయనెప్పుడైనా జాడీ మొహం చూశాడా?"

"ఏం మామ్మా?"

"మన యింట్లో ఆవపిండి సోలెడైతే కారం సోలెడు, వుప్పు సోలెడుకు కాస్త తగ్గించి. యీ గ్రాముల ప్రకారం వేస్తే అది ఆవకాయా? వట్టి పిండి కూర!"

దాంతో వరండా అంతా రెండు పార్టీలయింది. పుస్తకం పార్టీ, మామ్మగారి పార్టీ. వరండా అంచున వూరికే నిలబడ్డ ఆడవాళ్లు నలుగురు వచ్చి మామ్మగారి వైపు చేరారు. పాలవాడు కూడా సైకిలు దిగాడు. అసలు సోల అంటే ఎంత అని ఒక పిల్లవాడు అడిగితే, మామ్మగారు ఒక్క వూపున చెప్పింది - రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండడ్డలు కుంచం. కుంచానికి ఎన్ని సోలలని ఎవరో అడిగారు. పదహారని పిల్లలు లెక్కకట్టేలోపలే పరీక్షల కుర్రవాడొకడు తలుపు సందులోంచి జవాబు చెప్పేశాడు. గర్జనలకు మండిపడ్డ అబ్బాయే!

తగవు తీర్చిందీ అతనే. ఎదురు కొట్టులోంచి కాటా తెప్పించి, ఒకే గ్లాసుతో వుప్పు, కారం కొలిచి, రెండూ తూచి చూపించాడు. గ్లాసుడు వుప్పు గ్లాసుడు కారానికి ఇంచుమించు రెట్టింపు పైనే తూగింది. అంటే సమానమైన కొలత సమానమైన తూకం కాదు. పుస్తకం రాసినాయన తూచాడు, మామ్మగారు కొలిచింది. గ్రాములను సోలలనుకుంటే ఆయన అబద్ధం. సోలలను గ్రాములనుకుంటే యీవిడ అబద్ధం. సాంద్రత అనే మాట ఆ పూట ముప్ఫైమంది పిల్లలకు ఎంత బాగా తలకెక్కిందో, ఏ బళ్లోనూ అంత బాగా ఎక్కి వుండదు.

కాని మామ్మగారు అక్కడితో వూరుకోలేదు. "సరే, ఆయనది పుస్తకంలో వుంది. మరి నాదెక్కడుంది?" అన్నది.

యీ ప్రశ్నకు లైబ్రేరియన్ గారు ఒక తెల్లకాగితాల నోటుపుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది. ఆనాటి నుంచి రోజూ అరగంట పెద్దవాళ్లు చెప్పడం, పిల్లలు రాసుకోవడం. మామ్మగారి ఆవకాయతో మొదలై, ఒక రైతు చెప్పిన కార్తెల వానలు, చేనేత మానేసి యిప్పుడు వాచ్‌మన్ పని చేస్తున్న ఒకాయన చెప్పిన మగ్గం భాగాల పేర్లు, కాలవమీద పడవలు నడిచిన రోజుల కబుర్లు - అన్నీ గుండ్రటి పిల్లల అక్షరాలతో అందులోకి ఎక్కాయి. చెప్పడానికి వచ్చినవాళ్లు వచ్చిన పని మరిచి, పేపరు తిరగేసి, ఒక పుస్తకం పట్టుకుపోవడం కూడా చూశాను. పిల్లల శిబిరమని పేరు. వరండాలో ఆరేళ్లవాడు మొదలు డెబ్భై దాటిన ఆవిడదాకా అందరూ వున్నారు.

కాలవమీద పడవలంటే గుర్తుకు వచ్చింది. గుంటూరు జిల్లా కాలవమీద 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి వూరూరికీ పంపారు. అంతకు ముందే, 1914 ఏప్రిల్ 10న, బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకట రమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్లంతా సభ చేశారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. చూశారా, బెజవాడలో, ఏప్రిల్‌లో! ఎండకు వెరిచే మనుషులు కారు వాళ్లు. చదువురానివాళ్లకు పత్రికలు చదివి వినిపించడం, రాత్రిబళ్లు పెట్టడం ఆనాడు గ్రంథాలయం పనుల్లో భాగమే. మా వరండాలో జరిగింది కొత్త వింతేమీ కాదన్నమాట.

ఆనాటివాళ్లు చందాలెత్తి నడిపారు. మనకు ఆ శ్రమ లేదు. 1955లో హైదరాబాదు రాష్ట్రానికి ఒక చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్‌కు ఒక చట్టం వచ్చాయి. వాటి పుణ్యాన మన యింటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతున్నది - రూపాయికి 8 పైసలు. మూడువేలు పన్ను కట్టే ఆసామీ 240 రూపాయలు గ్రంథాలయానికి యిస్తున్నాడు. ఆ సంగతి అతనికే తెలియదు! సినిమా టిక్కెట్టు కొని హాలు బయటనుంచే యింటికి పోయేవాణ్ణి మనం ఏమంటాం? వసూలైన సొమ్ము పూర్తిగా గ్రంథాలయాలకు చేర్చకుండా తమ దగ్గరే నిలవబెట్టుకునే పురపాలక, పంచాయతీలు కొన్ని వున్నాయి; ఆ బకాయిల సంగతి పేపర్లలో వస్తూనే వుంటుంది. అందుకే మా 133లో ఒక్క దయ్యమే మిగిలింది. పిల్లల పుస్తకాలు చిరిగినవి చిరిగినట్టే వున్నాయి. ఆడవాళ్లు, ఆడపిల్లలు రోజంతా వచ్చే చోట మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. యివి శిబిరం ముగింపు సభలో ఎవరూ మాట్లాడరు. మామ్మగారు మాట్లాడింది. పెద్దలంతా వేదికమీద వుండగా, గడియ మాటే ముందు ఎత్తింది. వారం తిరక్కుండా గడియ వచ్చింది. పుస్తకాలు యింకా రాలేదు.

జూన్ 12న బళ్లు తెరిచారు. ముప్ఫైమందిలో పదకొండుమంది కార్డులు తీసుకున్నారు. యిది ఎక్కువా తక్కువా అంటే, అంతకు ముందు ఏడు ఒక్కరు కూడా తీసుకోలేదు. పిల్లల కార్డుకు పూచీగా పెద్దవాళ్ల సంతకం కావాలన్నారు. మామ్మగారు బొటనవేలు చూపించింది. "సంతకం నేర్పుతాను మామ్మా, నాలుగు రోజుల పని" అన్నది భిన్నాల అమ్మాయి. "నా వేలు ఎక్కడికీ పోదులేవే. నువ్వు వెళ్లి నీ పరీక్ష చూసుకో" అన్నదావిడ. పుస్తకాలకు ముద్రలు వేసే సిరాపెట్టె ఆ బల్లమీదే వుంది.

పరీక్షల వాళ్లు పరీక్షలు రాసి వచ్చారు. కొందరి కుర్చీలు ఖాళీ అయ్యాయి, కొందరు మళ్లీ అవే కుర్చీల్లో వున్నారు. మనవరాలు బడి వదలగానే సాయంత్రం అయిదింటికి వస్తున్నది. ముందు అరగంట నోటుపుస్తకంలో రాత, తరువాత అరగంట మామ్మగారికి చదివి వినిపించడం. వాళ్లతో పాటు యింకో ముగ్గురు ముసలివాళ్లు కూర్చుంటున్నారు. అందులో ఒకాయనకు చదువు వచ్చును గాని కళ్లు కనపడవు. యిప్పుడు ముళ్లపూడి వెంకటరమణ గారి 'బుడుగు' నడుస్తున్నది. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. ఆ సెలవు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పమని మామ్మగారు లైబ్రేరియన్ గారిని ప్రతి గురువారమూ నిలదీస్తున్నది.