పాత బానెట్ కింద కొత్త లెక్క

మండు వేసవిలో సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు ఎక్కిన పాత అంబాసిడర్లకు ఒక జబ్బు ఉండేది. రాజోలు నుంచి రేవు దాకా ఏ పేచీ లేకుండా వచ్చేవి. పంటు మీద ఇంజను ఆపేవారు. గోదావరి పాయ వశిష్ఠ దాటి అవతలి గట్టున దిగే వేళకు సెల్ఫ్ ఎంత కొట్టినా అంటుకునేవి కావు. డ్రైవరు బానెట్ ఎత్తి, గోదావరి నీళ్లలో గుడ్డ తడిపి పెట్రోలు పంపు మీద పరిచి, ఇంజను చల్లారేదాకా ఆగాల్సిందే. 2002లో బాలయోగి పేరిట వంతెన వచ్చేదాకా ఎదుర్లంక రేవులోనూ ఇదే తంతు.

నిజానికి బండిలో ఏదీ చెడిపోలేదు, పెట్రోలు మరిగిపోయింది. అంబాసిడర్‌లోని బి-సిరీస్ ఇంజనుకి గాలి వచ్చే మానిఫోల్డూ, పొగ పోయే మానిఫోల్డూ ఒకే పక్కన ఉంటాయి. కార్బురేటర్ ఆ వేడికి సరిగ్గా పైన కూర్చుంటుంది. బండి నడుస్తున్నంతసేపూ ఫ్యాను గాలి, ట్యాంకు నుంచి చల్లగా వచ్చే పెట్రోలు దాన్ని కాపాడతాయి. ఇంజను ఆపగానే ఆ రెండూ ఆగిపోతాయి, ఇనుములో నిలిచిన వేడి మాత్రం పైకి ఎక్కుతూనే ఉంటుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడతాయి. కార్బురేటర్ తొట్టిలోది పొంగి ఇంజనులోకి కారుతుంది. గొట్టంలోది బుడగలు కడుతుంది. ద్రవాన్ని తోడే పంపు ఆవిరిని తోడలేదు.

అలాగని అంబాసిడర్‌లోని ఎస్.యు. కార్బురేటర్‌ని తక్కువ చేయడం న్యాయం కాదు. లండన్‌లో చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ కుటుంబంలోని జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ 1900ల తొలి ఏళ్లలో దీన్ని కనిపెట్టాడు. మొదటి నమూనాలో కదిలే భాగం తోలుతో చేసిన తిత్తి. తరువాత దాని స్థానంలో లోహపు పిస్టన్ వచ్చింది. ఇంజను ఎంత గాలి పీలిస్తే పిస్టన్ అంత పైకి లేస్తుంది. దాని అడుగున ఒక సన్నని సూది వేలాడుతుంటుంది, పెట్రోలు వచ్చే రంధ్రంలోకి దిగి ఉంటుంది. సూది కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, పిస్టన్ లేచేకొద్దీ రంధ్రంలో సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. కరెంటుతో పని లేదు. ఎంత గాలికి ఎంత పెట్రోలు అనే లెక్కంతా ఆ సూది వాలులోనే ఉంది. ఇంజను మారినా, వాడుక మారినా సూది మార్చాలి. అందుకే కంపెనీ వందల రకాల సూదులు చేసి, ఒక్కోదానికి ఒక్కో అక్షరాల గుర్తు పెట్టి అమ్మింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానాల మెర్లిన్ ఇంజనుకి పెట్రోలు అందించినదీ ఎస్.యు. కార్బురేటరే. జర్మన్ మెసర్‌ష్మిట్ 109లోని డైమ్లర్ బెంజ్ ఇంజనులో పంపు నేరుగా సిలిండర్లలోకి పెట్రోలు చిమ్మేది. జర్మన్ పైలట్ ముక్కు కిందికి వంచి దూకితే ఇంజను ఒకే తీరున పనిచేసేది. వెంటపడిన స్పిట్‌ఫైర్ అలాగే వంగితే తొట్టిలో పెట్రోలు పైకి తేలి ఇంజను ఊపిరాడక తడబడేది. ఫార్న్‌బరోలోని పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఇంజనీరు బియాట్రిస్ షిల్లింగ్ 1941లో దీనికి చిన్న ఉపాయం చేసింది. పెట్రోలు గొట్టంలో లెక్కగట్టి చేసిన రంధ్రంతో ఒక ఇత్తడి బిళ్ల పెట్టించి, ఇంజను మునిగిపోయేంత పెట్రోలు రాకుండా కట్టడి చేసింది. మంచి పరిష్కారమే, కానీ పూర్తి పరిష్కారం కాదు. పెట్రోలు పీల్చుకునే ఇంజనుకీ, పెట్రోలు చిమ్మించుకునే ఇంజనుకీ తేడా ఏమిటో ఆకాశంలో ప్రాణాల మీద తేలింది.

యుద్ధం తరువాత ఆ విద్య రోడ్డు మీదికి వచ్చింది. 1950ల మొదట్లో జర్మనీలో గుట్‌బ్రోడ్, గోలియాత్ అనే చిన్న కార్లకు, 1954లో మెర్సిడెస్ 300 ఎస్.ఎల్.కి పెట్రోలు ఇంజెక్షన్ పెట్టారు. అవన్నీ పళ్లచక్రాలు, ప్లంజర్లతో నడిచే యాంత్రిక పంపులు. 1957లో అమెరికాలో బెండిక్స్ కంపెనీ ఎలక్ట్రోజెక్టర్ పేరుతో విద్యుత్తుతో తెరుచుకునే ఇంజెక్టర్లు చూపించింది. మన అంబాసిడర్ ఉత్తరపారా ఫ్యాక్టరీలో మొదలైన ఏడాదీ అదే. మరుసటి ఏడాది క్రైస్లర్ దాన్ని సుమారు 35 కార్లకు అమర్చింది. అప్పటి ఎలక్ట్రానిక్ భాగాలు బానెట్ కింద వేడికీ చలికీ తట్టుకోలేకపోయాయి. వాటిలో చాలా కార్లకు ఆ సరంజామా పీకి మళ్లీ కార్బురేటర్లు బిగించారు. ఆ పేటెంట్లను తీసుకుని బాష్ ఏళ్ల తరబడి ఓపికగా పనిచేసి 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600కి డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఇచ్చింది. సైలెన్సరు గొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచే లామ్డా సెన్సర్ 1976లో వోల్వోలో వచ్చింది. దాంతో ఇంజను తాను కలిపిన పాళ్లు సరైనవో కావో తానే చూసుకుని దిద్దుకోవడం నేర్చింది. 1979లో బి.ఎం.డబ్ల్యూ. కారులో పెట్రోలునీ, స్పార్కునీ ఒకే డిజిటల్ పెట్టె నడిపింది.

మన దగ్గర ఇది చాలా ఆలస్యంగా వచ్చింది. మారుతి 800కి 2000 ప్రాంతంలో ఎం.పి.ఎఫ్.ఐ., అంటే సిలిండరుకో ఇంజెక్టరు ఉండే పద్ధతి, వచ్చింది. అంబాసిడర్‌కి కూడా చివరి దశలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజనుతో ఎం.పి.ఎఫ్.ఐ. రకం వచ్చింది: పైన 1950ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రూపం, లోపల కంప్యూటర్ లెక్క. బుల్లెట్ 350 మాత్రం బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చిన 2020 దాకా కార్బురేటర్‌నే పట్టుకుని ఉంది.

ఆ కంప్యూటర్ లెక్కని మన 1489 సీసీ బి-సిరీస్ ఇంజనుతోనే చూద్దాం. ఒక్కో సిలిండరు 372 సీసీ. పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అందులోకి పోయే గాలి సుమారు 0.35 గ్రాములు. పెట్రోలు సరిగ్గా కాలాలంటే బరువులో 14.7 పాళ్ల గాలికి 1 పాలు పెట్రోలు. అంటే 0.024 గ్రాములు, దాదాపు 0.03 మిల్లీలీటర్లు. నిమిషానికి 200 మిల్లీలీటర్లు వదిలే ఇంజెక్టర్ అయితే 10 మిల్లీసెకన్లు తెరుచుకుంటే చాలు. ఐడిల్‌లో నిలబడి ఉంటే 3 మిల్లీసెకన్లు. మానిఫోల్డులో గాలి పీడనం, ఉష్ణోగ్రత, ఇంజను వేగం చూసి, ఇంజనుని నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూ ప్రతి సారీ ఈ సమయాన్ని కట్టుకుంటుంది. లోపల ఒక పట్టిక ఉంటుంది: నిలువు వరసలో పీడనం, అడ్డు వరసలో వేగం, గడిలో అంకె. స్కిన్నర్ సూది వాలు అంకెల గడులుగా మారిందన్నమాట. ఒకటే తేడా. సూది మార్చాలంటే కొత్త సూది కొనాలి. గడిలో అంకె మార్చాలంటే లాప్‌టాప్ చాలు. 2001లో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు అమెరికన్లు మెగాస్క్వర్ట్ పేరుతో ఎవరికి వారు కూర్చుకుని రాసుకోగల ఈసీయూ తయారుచేశారు. పెద్ద కంపెనీల చేతిలోని ఈ విద్య షెడ్డు మెకానిక్కుల చేతికి వచ్చింది అక్కడే.

ఇప్పుడు పాత కార్లున్న కోనసీమ ఇళ్లకు ఈ విషయం ముచ్చట కోసం కాదు, అవసరం కోసం.  బంకులో మన ట్యాంకులో పడేది ఇప్పుడు ఈ-20: ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్ అణువులో ముందే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి 9 పాళ్ల గాలి చాలు. కలిపిన మిశ్రమానికి లెక్క 13.5కి దిగుతుంది. అదే గాలికి 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలన్నమాట. సూదికి ఈ సంగతి తెలియదు. పాత వాలు ప్రకారమే పోస్తుంది. ఇంజను ఆకలితో నడుస్తుంది, పికప్ పోతుంది, వేడెక్కుతుంది. పైగా ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. కాలువలూ కొబ్బరితోటలూ సముద్రపు గాలీ ఉన్న అమలాపురంలో నెలల తరబడి షెడ్డులో నిలిపిన కారు ట్యాంకు అడుగున నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి చేరతాయి, రేకుకి తుప్పు పడుతుంది. ఇంజెక్షన్ పెట్టినంత మాత్రాన తుప్పు ఆగదు, పాత రబ్బరు గొట్టాలు బాగుపడవు. వాటిని మార్చాల్సిందే. పాళ్ల లెక్క మాత్రం లామ్డా సెన్సర్ చూసి ఈసీయూ దిద్దుకుంటుంది. పంటు మీది జబ్బు కూడా పోతుంది: 3 బార్ల పీడనంలో ఉన్న పెట్రోలు అంత తేలికగా మరగదు.

మరి బానెట్ ఎత్తినప్పుడు తాతగారి కారు తాతగారి కారులాగే కనిపించాలంటే ఎలా?

దారి చూపినవాళ్లు ఉన్నారు. బ్రిటన్‌లో ట్రయంఫ్ కంపెనీ 2008లో బోనవిల్ మోటార్‌సైకిల్‌కి ఇంజెక్షన్ పెట్టినప్పుడు, గాలిని అదుపుచేసే థ్రాటిల్ బాడీలను పాత కార్బురేటర్ల ఆకారంలోనే పోసింది. తెలిసినవాడు వేలితో తడిమి చూస్తే తప్ప తేడా తెలియదు. జెన్‌వీ అనే బ్రిటిష్ సంస్థ వెబర్ కార్బురేటర్ల పోలికతో థ్రాటిల్ బాడీలు చేసి, ఇంజెక్టర్లను లోపలే దాచి అమ్ముతోంది.

అంబాసిడర్‌కి ఎస్.యు. డోము తీయక్కర్లేదు. లోపల పిస్టన్, సూది తీసేస్తే అది ఖాళీ గాలిదారి. ఇంజను వైపున్న బటర్‌ఫ్లై రేకు అలాగే పనిచేస్తుంది, దాని ఇరుసు చివర తొక్కుడు కొలిచే సెన్సర్ బిగించవచ్చు. ఇంజెక్టర్లు మానిఫోల్డు అడుగున, వేడి కవచం చాటున పెట్టాలి. అధిక పీడనం ఇచ్చే పంపు ట్యాంకులో మునిగి ఉంటే చప్పుడూ బయటికి రాదు. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు తీసి, ఏ సిలిండరు వంతో చెప్పే సెన్సర్ కూర్చోబెట్టవచ్చు. మూత మూస్తే పాతదే. పాత డైనమో పక్కనుండే కటౌట్ పెట్టె ఖాళీ చేస్తే రిలేలకు చోటు దొరుకుతుంది. ఈసీయూని మాత్రం ఇంజను వేడికీ ఉప్పుగాలికీ దూరంగా డాష్‌బోర్డు వెనక పెట్టడమే మేలు. తీగలను పాత బండ్లలో వాడిన గుడ్డ తొడుగులో చుట్టాలి, లోపలి కనెక్టర్లు మాత్రం తడి చొరబడనివి కావాలి.

కరెంటు దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. పాత డైనమో పూర్తి వేగంలో ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లు, ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. రాత్రి హెడ్‌లైట్లు, వైపర్లు వేసుకుని వానలో ముమ్మిడివరం వెళ్తుంటే పంపుకి చాలదు. డైనమో గుల్లలోనే ఆల్టర్నేటర్ ఇమిడ్చి చేసేవి విదేశాల్లో దొరుకుతాయి. బాగా పాత బండ్లలో బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. దాన్ని తిప్పకుండా ఈసీయూ కలిపితే ఆ క్షణంలోనే కాలిపోతుంది.

అన్నిటికన్నా కఠినమైన ముడి ఇంజనులోనే ఉంది. బి-సిరీస్‌లో నాలుగు సిలిండర్లకు గాలి దారులు రెండే. 1, 2 ఒక దారి, 3, 4 ఒక దారి పంచుకుంటాయి. మండే వరస 1-3-4-2 కాబట్టి ఒక దారిలో 2 పీల్చగానే వెంటనే 1 పీలుస్తుంది, తరువాత చాలాసేపు ఎవరూ పీల్చరు. పెట్రోలు ఆగకుండా చిమ్మితే ఆ విరామంలో పోగైనదంతా 2కి పోతుంది, 1కి కొరత పడుతుంది. మరో జతలో 3కి ఎక్కువ, 4కి తక్కువ. ఇలాంటి దారులే ఉన్న మినీ కారుకి రోవర్ మొదట ఒకే ఇంజెక్టరు పెట్టి, 1996లో రెండు దారులకు రెండు ఇంజెక్టర్లు పెట్టింది. మనమూ అదే చేయాలి: ఎవరి వంతుకి వాళ్లకు విడిగా, సమయం చూసి చిమ్మాలి. అందుకే డిస్ట్రిబ్యూటర్‌లో ఆ సెన్సర్ తప్పనిసరి.

ఇంతా చేసి, నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే: పాత భాగంలో ఒక్క కొత్త రంధ్రం కూడా వేయకూడదు. ఎస్.యు. బాడీని డ్రిల్లు చేసే ముందు ఆగి, మరో బాడీ సంపాదించి దాని మీద పని చేయాలి. అసలుది సూదితో సహా మూట కట్టి దాచాలి. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కాబట్టి పని మొదలుపెట్టే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, అనుమతి రాయించుకోవాలి.

అది అయ్యాక పట్టిక నింపే పని. పక్క సీట్లో లాప్‌టాప్‌తో ఒకరు కూర్చోవాలి. అమలాపురం నుంచి రాజోలు దాకా 216 హైవే మీద లామ్డా అంకె చూస్తూ, గడి తరువాత గడి దిద్దుతూ పోవాలి. బోడసకుర్రు వంతెన ఎక్కేటప్పుడు ఒక తీరు, లంకల మధ్య చదును రోడ్డు మీద ఇంకో తీరు. కొత్తపేటలో ఏ మెకానిక్ అయినా కార్బురేటర్ విప్పి చూస్తే జబ్బు తెలుస్తుంది, ఈసీయూ విప్పితే ఏమీ తెలియదు. ఆ పట్టికనీ, ఏ తీగ ఎక్కడికి పోతుందో చూపే బొమ్మనీ తెలుగులో కాగితం మీద అచ్చువేయించి, బండి ఆర్.సి.తో కలిపి ఉంచాలి. పదేళ్ల తరువాత ఆ బానెట్ ఎత్తే మనిషికి అవే ఆధారం.