వైరు లేని ఆట... ఎవరి చేతికి?

సెలవులొచ్చాయంటే చాలు, హాల్లో టీవీ పిల్లల సొంతం. "అమ్మా, ఇంకో కంట్రోలర్ కొనవా?" అని పొద్దస్తమానం ఒకటే పాట. మనకేమో అది నాలుగు మీటలున్న ప్లాస్టిక్ ముక్క. ధర వింటే మాత్రం గుండె గుభేలు! అసలు అందులో ఏముందో, ఇంట్లో ఎవరెవరికి పనికొస్తుందో మనమూ ఓసారి చూద్దాం.

వైరుతో గోల

కేబుల్ టీవీ కొత్తల్లో కాసెట్లు పెట్టి ఆడే వీడియోగేమ్ పెట్టెలు గుర్తున్నాయా? వైరు పొట్టిది కావడంతో పిల్లలు టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చునేవారు. మధ్యలోంచి ఎవరు నడిచినా కాలికి చుట్టుకునేది.

ఈ వైరు వదిలించుకోవాలన్న ఆలోచన పాతదే. 1983లోనే అమెరికాలో అటారీ కంపెనీ రేడియో తరంగాలతో పనిచేసే జాయ్‌స్టిక్‌లు అమ్మింది. ఏం లాభం? అవి మరీ లావు! తర్వాత కొన్ని కంపెనీలు టీవీ రిమోట్‌లో ఉండే పరారుణ కిరణాలను వాడాయి. వాటికి ఎవరూ అడ్డు రాకూడదు. అమ్మమ్మ కాఫీ గ్లాసుతో అటుగా నడిచిందా... ఆట ఢమాల్!

2002లో జపాన్ కంపెనీ నింటెండో 'వేవ్‌బర్డ్' తెచ్చింది. మళ్లీ రేడియో తరంగాలే, కానీ ఈసారి చేతిలో ఇమిడే సైజు. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచేది. మధ్యలో ఎవరు నడిచినా ఆట ఆగదు. 2005లో ఎక్స్‌బాక్స్ 360, మరుసటి ఏడాది ప్లేస్టేషన్ 3, నింటెండో వారి 'వీ' వచ్చేసరికి వైరు లేకపోవడమే మామూలైపోయింది.

'వీ'ది ఇంకో కథ. కంట్రోలర్ పట్టుకుని నిజంగా బంతి విసిరినట్టు చెయ్యి ఊపాలి. ఆ ఊపుకి మణికట్టు తాడు తెగి, కంట్రోలర్ వెళ్లి టీవీకి తగిలిన ఇళ్లున్నాయి! చివరికి 2006 డిసెంబరులో 32 లక్షల తాళ్లు మార్చి ఇస్తామని కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది.

కొనేముందు చూసుకోండి

* మీ ఇంట్లో ఉన్న గేమ్ పెట్టె పేరు, నంబరు రాసుకుని షాపుకెళ్లండి. ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్ కొత్త సిరీస్ పెట్టెలకీ పనికొస్తుంది. ప్లేస్టేషన్ 4 కంట్రోలర్‌తో మాత్రం ప్లేస్టేషన్ 5 ఆటలు ఆ పెట్టె మీద ఆడలేరు.

* సెల్స్ వేసే రకమైతే ఛార్జింగ్ సెల్స్ కొనుక్కుంటే ఖర్చు కలిసొస్తుంది. బడులు తెరిచాక అటక మీద పెట్టేటప్పుడు సెల్స్ తీసేయండి. లేదంటే కారి లోపలంతా పాడవుతుంది. లోపలే బ్యాటరీ ఉండే రకం చెడిపోతే చెత్తబుట్టలో వేయకండి, ప్రమాదం.

* ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద బొమ్మ పక్కకి నడుస్తోందా? దయ్యం కాదులెండి. బొటనవేలితో తిప్పే పుల్ల కింది భాగం అరిగిందన్నమాట. అయస్కాంతంతో పనిచేసే 'హాల్ ఎఫెక్ట్' రకంలో ఈ బాధ తక్కువ.

అన్ని చేతులూ ఒక్కలా ఉండవు

వైరు పోయినా కంట్రోలర్ అందరికీ అందలేదు. పది వేళ్లూ చురుగ్గా ఆడేవాళ్ల కోసమే దాన్ని తయారుచేశారు. మరి చేతులు స్వాధీనంలో లేని పిల్లల మాటేమిటి?

2015లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు కొందరు ఈ ప్రశ్న మీద పని మొదలుపెట్టారు. ఫలితంగా 2018లో 'ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్' వచ్చింది. దాని మీద రెండు పెద్ద గుండ్రటి మీటలుంటాయి. అరచేత్తో, మోచేత్తో, కాలితో... దేనితో నొక్కినా సరే. వెనక 19 రంధ్రాలుంటాయి. ఎవరి అవసరాన్ని బట్టి వారు విడి మీటలు వాటికి తగిలించుకోవచ్చు. వచ్చిన కొత్తలో ధర 99.99 డాలర్లు, విడి మీటల ఖర్చు వేరే. సోనీ కూడా 2023 డిసెంబరులో 'యాక్సెస్' పేరుతో ఇలాంటిదే తెచ్చింది.

అప్పటికి మైక్రోసాఫ్ట్ సారథి మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల. సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన తన కొడుకు గురించి, ఆ పెంపకం తనకు నేర్పినదాని గురించి 2017 నాటి తన పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో ఆయన రాశారు. ఆ అబ్బాయి 2022లో కన్నుమూశాడు.

అంత ఖర్చు మనవల్ల కాదంటారా? అదనపు సామాను అక్కర్లేని దారీ ఉంది. రెండు మామూలు కంట్రోలర్లను కలిపి, ఒక్కరే ఆడుతున్నట్టు ఆటను నడిపించవచ్చు. ఎక్స్‌బాక్స్‌లో ఈ సదుపాయం 2017లో వచ్చింది, ప్లేస్టేషన్ 5లో 2023లో. కారు పందెంలో స్టీరింగు బాబు తిప్పుతాడు, బ్రేకు అమ్మ నొక్కుతుంది. గెలుపు మాత్రం ఇద్దరిదీ!

మీ బంధువుల్లోనో, పక్కవీధిలోనో అలాంటి బిడ్డ ఉండే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు "అయ్యో పాపం" అని నిట్టూర్చకండి. రెండో కంట్రోలర్ తీసుకుని పక్కన కూర్చోండి. ఏ మీట ఎప్పుడు నొక్కాలో ఆ బిడ్డే మీకు చెబుతుంది.