బొమ్మ బోగీని బోర్లించి చూడండి

దిల్‌సుఖ్‌నగర్‌లో మాది టీవీలు, రేడియోలు బాగుచేసే షాపు. బొమ్మ రైళ్ల మీద ఇష్టం మాత్రం షాపు కన్నా పాతది. అది తెలిసినవాళ్లు లండన్ చుట్టాలు ఇచ్చినవో, ఎర్రగడ్డ సండే మార్కెట్లో దొరికినవో సంచిలో వేసుకొస్తారు. "అన్నా, ఇది ఏ కాలందో జర చూడు" అంటారు.

నేను ముందు బోగీని బోర్లిస్తాను. పైరంగు ఎవరైనా మళ్లీ వేసి ఉండొచ్చు. అడుగున 'మెకానో లిమిటెడ్' అని ఉంటే అది లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ పెట్టిన కంపెనీది. వాళ్లు 1920లో పెద్ద సైజు రేకు రైళ్లు తెచ్చారు. వాటి పట్టాల మధ్య 32 మిల్లీమీటర్లు. 1938లో 16.5 మిల్లీమీటర్ల 'డబ్లో' వచ్చింది. 'ట్రై-యాంగ్' అని ఉంటే 1950లలో మొదలైన ప్లాస్టిక్ సరుకు. దాన్ని నడిపిన లైన్స్ బ్రదర్సే 1964లో మెకానోను కొన్నారు. అందుకే 1965 నుంచి 'ట్రై-యాంగ్ హార్న్‌బీ', 1972 నుంచి 'హార్న్‌బీ రైల్వేస్' అన్న పేర్లు కనిపిస్తాయి.

పేరు చెరిగిపోతే మల్టీమీటరు తీస్తాను. దాన్ని బీప్ మీద పెట్టి ఒక మొన ఎడమ చక్రానికి, ఇంకోటి అదే ఇరుసు మీది కుడి చక్రానికి తాకిస్తాను. మోగితే రెండు చక్రాల మధ్య కరెంటు దారి కలిసి ఉన్నట్టే. డబ్లో 1959 దాకా మూడు పట్టాల మీదే నడిచింది. కరెంటు నడిమి పట్టాలో వచ్చి పక్క పట్టాల్లో తిరిగి వెళ్లేది కాబట్టి రెండు లోహపు చక్రాలు కలిసి ఉన్నా ఇబ్బంది లేదు. రెండు పట్టాల పద్ధతిలో అలా కలిస్తే షార్టే. అయితే బీప్ వినగానే డబ్లో అనుకోవద్దు. జర్మనీ మార్‌క్లిన్ బోగీలూ అలాగే మోగుతాయి. అప్పుడు 'పశ్చిమ జర్మనీ' ముద్ర కోసం వెతకండి. ఉంటే అది 1990కి ముందుదే.

ట్రై-యాంగ్ తొలి బోగీలు ఏళ్లు గడిచేకొద్దీ అరటికాయలా వంగుతాయి. అప్పటి ప్లాస్టిక్ అయిన సెల్యులోజ్ అసిటేట్ గుణమే అంత. వాటిని వేడి చేసి సరిచేయకండి. సజ్జ మీద పెట్టి మన ఎండాకాలానికి వదిలేయకండి. కొత్త రంగు అసలే వద్దు. గీతలు పడ్డ పాత రంగులోనే దాని పుట్టుక తెలుస్తుంది, విలువా అందులోనే ఉంది. రంగు కొట్టించి తెచ్చిన బోగీని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకో కొలత మన దారి మీదే ఉంది. 2018లో ఎల్బీనగర్‌ దాకా వచ్చిన మెట్రో పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. అసలు రైలును 87వ వంతుకు తగ్గించే నమూనాల లెక్కన దాన్ని 87తో భాగిస్తే బొమ్మ పట్టాల దూరం దాదాపు 16.5 వస్తుంది. మలక్‌పేట స్టేషన్లో రైలు పట్టాల దూరం 1676. అదే లెక్కన 19.3 కావాలి. అందుకే మన రైళ్ల నమూనాలను మామూలు బొమ్మ పట్టాలెక్కిస్తే చక్రాలు లోపలికి నక్కినట్టుంటాయి. పెరంబూరు రైలు బోగీల ఫ్యాక్టరీ పాత రకం బోగీ పొడవు దాదాపు 21.3 మీటర్లు. 87వ వంతు నమూనా అయితే 24.5 సెంటీమీటర్లుండాలి. స్కేలు పెట్టి చూడండి. బాగా పొట్టిగా ఉంటే, ఇంట్లో వేసుకునే ఇరుకు మలుపుల్లో తిరగడానికి కుదించిందన్నమాట.